కొర్సిన్యానో, పియెంచా: ఒక ఊరి రెండు పేరులు

ఇటలీ దేశమున తస్కనీ ప్రాంతములో, సియెనా నగరమునకు ఆగ్నేయముగా, ఓర్చా లోయకు ఎదురుగా ఒక గుట్ట నెత్తిన పియెంచా అను చిన్న పట్టణము కలదు. ఈ పేరులోని 'చా' వర్ణమును 'చాలు', 'చాప' అను మాటలలో తెలుగువారు పలుకు దంత్యచకారముగా పలికినచో ఇటలీవారి ఉచ్చారణకు మిక్కిలి దగ్గరగా నుండును. చుట్టుపట్ల పల్లెలను కలుపుకొన్నను జనసంఖ్య సుమారు 2,000 మాత్రమే. ఊరిని ఈ కొననుండి ఆ కొనకు నడచుటకు పావుగంట చాలును. ఐనను యూరపు వాస్తుశాస్త్ర చరిత్రను గూర్చిన ఏ పెద్ద గ్రంథమును తెఱచినను ఈ ఊరి పేరు కనబడును. 'ఆదర్శ నగరము' అనియు, 'పునరుజ్జీవన యుగపు తొలి నగర నిర్మాణ ప్రణాళిక' అనియు దానిని ప్రశంసించుట పరిపాటి. ఈ ప్రశంసలో సత్యము లేకపోలేదు. కాని ఆ సత్యము సగమే. మిగిలిన సగము ఆ ఊరి పాతపేరులో దాగియున్నది. ఆ పాతపేరు కొర్సిన్యానో.

1405 అక్టోబరు 18వ తేదీన కొర్సిన్యానోలో ఏనియా సిల్వియో పిక్కొలోమినీ జన్మించెను. పిక్కొలోమినీలు సియెనాకు చెందిన ప్రభువంశమువారే గాని, రాజకీయ విప్లవములలో అధికారము గోల్పోయి ఈ పల్లెను ఆశ్రయించి యుండిరి. సంతానము మిక్కుటము, సంపద తక్కువ. బాలుడు పొలము పనులు చేసి పెరిగెను. తరువాత సియెనాలో చదివి, చర్చి పెద్దల కొలువులలో లేఖకుడై, జర్మనీ ఆస్ట్రియా దేశములలో చక్రవర్తి ఆస్థానమున నుండి, 1442లో మూడవ ఫ్రెడరిక్కు చేత కవిగా కిరీటధారణ సన్మానము నొందెను. 1444లో ఇద్దరు ప్రేమికులను గూర్చి లాటిను భాషలో ఒక శృంగార కథ వ్రాసెను. పిదప రెండేండ్లకు గురుత్వము స్వీకరించి, బిషప్పై, కార్డినలై, 1458 ఆగస్టులో రెండవ పయస్ అను పేర పోపుగా ఎన్నుకొనబడెను. యౌవనమున వ్రాసిన శృంగార కథ వృద్ధాప్యమున ఆయనకు కొంత ఇబ్బంది కలిగించినది. ఇట్టి ఇబ్బంది పడిన కవులు తెలుగు సాహిత్య చరిత్రలోను లేకపోలేదు.

1459 ఆరంభమున పోపు మాంటువా నగరమున జరుగనున్న సభకు ప్రయాణమై పోవుచు దారిలో స్వగ్రామమున దిగెను. చిన్ననాటి మిత్రులు కొందఱు చనిపోయిరి. బ్రతికియున్నవారు ముసలితనము చేతను రోగముల చేతను ఇంటి గడప దాటలేకుండిరి. తన వయస్సు తనకప్పుడు తెలిసివచ్చెనని ఆయన వ్రాసికొన్నాడు. అచట ఒక దేవాలయమును, ఒక భవనమును కట్టింపవలెనని అప్పుడే సంకల్పించెను. ఫ్లారెన్సు సమీపపు సెత్తిన్యానో గ్రామమునకు చెందిన శిల్పి, వాస్తువిదుడు బెర్నార్దో రొస్సెల్లీనోకు పని అప్పగింపబడినది. 1459లో మొదలైన నిర్మాణము 1462 నాటికి ప్రధానాంశములలో పూర్తియైనది. మూడేండ్లలో ఒక పల్లె బిషప్పు పీఠమై, పయస్ పేరును ధరించి పియెంచా అయ్యెను.

ఇంతవఱకు చెప్పిన కథకు మూలాధారము ఏది? ఇచ్చటనే పరిశోధకుడు ఆగి ఆలోచింపవలసియున్నది. పియెంచా నిర్మాణమును గూర్చిన సమాచారములో అధికభాగము రెండవ పయస్ స్వయముగా రచించిన 'కొమెంతారీ' అను లాటిను గ్రంథమునుండి లభించుచున్నది. ఇది స్వీయచరిత్రయే, కాని సీజరు పద్ధతి ననుసరించి ప్రథమ పురుషలో, ఎవరో వేఱొకరిని గూర్చి చెప్పునట్లుగా వ్రాయబడినది. 1584లో మొదటిసారి అచ్చైనప్పుడు అనేక భాగములు తొలగింపబడి, వ్రాయసకాడైన గొబెల్లీనో పేరుతో వెలువడినది. పోపు వ్రాసిన నిష్ఠురపు మాటలను పోపు పేరుతో ప్రకటించుటకు నాటివారు జంకిరి. పాఠపరిష్కరణమున శ్రమించువారికి ఇదొక చక్కని ఉదాహరణము. కర్తృత్వము మఱుగుపడి, పాఠము కుదింపబడి, మూడు వందల యేండ్లు పండితులు ఆ కుదింపునే ప్రమాణముగా చదువుకొనిరి.

గ్రంథమున రొస్సెల్లీనోను గూర్చిన ఒక ఘట్టము ప్రసిద్ధము. నిర్మాణ వ్యయము అంచనాను ఎంతో మించి 50,000 డుకాటులు దాటినది. వాస్తువిదుడు మోసగాడని పోపు చెవిలో ఊదినవారు పలువురు. పోపు కట్టడములను తిరిగి చూచి, రొస్సెల్లీనోను పిలిపించెను. అతడు భయపడుచు వచ్చెను. నిజము ముందే చెప్పియున్నచో ఇంత ధనము వ్యయపెట్టుటకు తాను ఒప్పుకొనకయే పోదుననియు, అప్పుడు ఇట్టి సుందర నిర్మాణములు ఇటలీలో వెలయకుండెడివనియు పలికి, అబద్ధమాడినందుకు అతనిని మెచ్చుకొని, నూఱు డుకాటులును ఎఱ్ఱని వస్త్రమును బహూకరించెను. కథ రమ్యముగానున్నది. వాస్తుచరిత్రకారులు దీనిని పోపు రసజ్ఞతకు నిదర్శనముగా ఉదాహరింతురు. ఐతే ఆ 50,000 డుకాటులు ఎవరివి అను ప్రశ్న ఆ పుటలలో వినబడదు. దాత చెప్పిన దానకథలో దానధనపు పుట్టుక ప్రస్తావింపబడకుండుట శాసనములు చదివిన వారికి కొత్త విషయము కాదు.

రెండవ పయస్ తెలుగు పాఠకునకు పూర్తిగా పరాయివాడు కాడని కూడ ఇచ్చట చెప్పవలయును. ఆసియా ఖండమును గూర్చి ఆయన వ్రాసిన భౌగోళిక గ్రంథమునకు ఆకరములలో నికోలో దె కోంటీ వృత్తాంత మొకటి. సుమారు 1420లో విజయనగరమును దర్శించిన ఈ వెనిసు వర్తకుని మాటలను పోపుగారి కార్యదర్శి పోజ్జో బ్రచ్చొలీనీ లాటినులో గ్రంథస్థము గావించెను. పయస్ గ్రంథపు 1477 నాటి ముద్రణ ప్రతిని కొలంబసు దగ్గఱ నుంచుకొని అంచులయందు వ్యాఖ్యలు వ్రాసికొనెను. కావున విజయనగరపు వార్త మోసికొనివచ్చిన వృత్తాంతము కొర్సిన్యానో బిడ్డ చేతికి చేరినది నిజము. తెలుగును 'ప్రాగ్దేశపు ఇటాలియను' అని కోంటీ శ్లాఘించెనను మాట మాత్రము వేఱు సంగతి. సభలలో, పాఠ్యపుస్తకములలో నిత్యము వినబడు ఈ వాక్యము పోజ్జో గ్రంథస్థము చేసిన వృత్తాంతమున కానరాదు. కొర్సిన్యానో, రొస్సెల్లీనో, పిక్కొలోమినీ అను పేరుల అజంతత తెలుగు చెవికి ఇంపుగా తగులుట వాస్తవమే. ఆ ఇంపునకు కోంటీ సాక్ష్యము అవసరము లేదు. లేని సాక్ష్యమును పుట్టించుట అంతకంటె అవసరము లేదు.

ఇక నిర్మాణముల సంగతి. ఊరి నడుమ పోపు పేరుగల చౌకము ఉన్నది. అది చతురస్రము కాదు. దక్షిణమున దేవాలయము, పడమట పిక్కొలోమినీ భవనము, తూర్పున బిషప్పు భవనము, ఉత్తరమున పురపాలక భవనము. ఇరువైపుల భవనములు దేవాలయపు వైపు పోనుపోను ఎడమగుటచే, చిన్న స్థలము పెద్దదిగా తోచును. దేవాలయమునకు ఇరుప్రక్కల సందులలోనుండి లోయయు, దూరమున అమియాతా పర్వతమును కనబడును. నేలపై ఇటుక పరపు, దానిపై రాతి పట్టెలతో గళ్లు. పిక్కొలోమినీ భవనపు ప్రక్కన రెండు స్తంభములు, అడ్డదూలముతో ఒక రాతిబావి. ఇంత కొద్దిపాటి స్థలమున ఇంత పొందిక సాధించిన రొస్సెల్లీనో ప్రతిభను శంకింప వీలులేదు.

దేవాలయము విలక్షణమైనది. ముఖభాగము ట్రావర్టీను అను లేతవన్నె రాతితో, ప్రాచీన రోమను పద్ధతి స్తంభములతో, పైన త్రికోణమున పోపు వంశచిహ్నమైన ఐదు నెలవంకల శిలువతో నున్నది. లోపల అడుగిడినచో వేఱొక దేశమునకు వచ్చినట్లుండును. మూడు అంకణములును ఒకే యెత్తున నున్నవి. ఇది ఇటలీ సంప్రదాయము కాదు. పయస్ ఆస్ట్రియా, జర్మనీలలో చూచివచ్చిన దేవాలయముల రీతి. కిటికీలు పెద్దవి, వెలుతురు విస్తారము. గాజుటింటిలో నున్నట్లు తోచవలెనని ఆయన కోరిక. సియెనా చిత్రకారులైన జొవాన్నీ ది పావొలో, మత్తేయో ది జొవాన్నీ, సానో ది పియెత్రో, వెక్కియెత్తాలచే వేదికలకు పటములు వ్రాయించెను. ఆ పటములు నేటికిని తమ స్థానములలో నున్నవి. వస్తుప్రదర్శనశాలలకు చేరక, వ్రాయించిన చోటనే నిలిచిన చిత్రములు యూరపులో అరుదు.

1462 సెప్టెంబరులో పోపు ఒక శాసనము వెలువరించెను. ఈ దేవాలయమున గురువులను తప్ప ఇతరులను పూడ్చరాదు, గోడల తెల్లదనమును, స్తంభముల వన్నెను ఎవరును చెఱుపరాదు, బొమ్మలు వ్రాయరాదు, పటములు వ్రేలాడదీయరాదు, కొత్త వేదికలు కట్టరాదు, మీఱినవారు బహిష్కృతులగుదురు. ఒక కట్టడపు రూపమును మార్పునుండి కాపాడుటకు ఇంత కఠినమైన ఆజ్ఞ అంతకుముందు వెలువడుట అరుదు. నేటి పురావస్తు సంరక్షణ చట్టములకు దీనిని మూలపురుషునిగా భావించువారు కలరు. కాని తాను వ్రాయించిన పటములకు స్థానమిచ్చి, ఊరి జనము తమ మ్రొక్కులు తీర్చుకొని కట్టుకొను పటములకు స్థానము లేదనుటలో సౌందర్యదృష్టి యెంత కలదో, స్వామ్యభావము అంత కలదు. దేవాలయము దేవునిది, ఊరివారిది కాక, కట్టించినవానిదిగా నిలిచిపోయినది.

శాసనమునకు లొంగనిది ఒకటే. అది నేల. గుట్ట అంచున స్థలము చాలక, తూర్పు ముఖమను ఆచారమును విడిచి, గర్భభాగమును దక్షిణపు వాలుపైకి చొచ్చునట్లు కట్టిరి. ఎంత లోతు త్రవ్వినను గట్టి రాయి తగులలేదు. కట్టడము సాగుచుండగనే గోడలో బీట కనబడినదని పోపు తానే వ్రాసియున్నాడు. నాటినుండి నేటివఱకు దేవాలయపు వెనుకభాగము మెల్లమెల్లగా క్రుంగుచునేయున్నది. లోపల నడచువారికి నేల వాలు పాదములకు తెలియును. ఇన్ని శతాబ్దములుగా ఇంజనీర్లు ఆ వాలుతో పోరాడుచున్నారు.

పిక్కొలోమినీ భవనము ఫ్లారెన్సులోని రుచెల్లాయి భవనము ననుసరించి కట్టినది. మూడంతస్తులు, మధ్యను ముంగిలి. దక్షిణమున మూడు వరుసల వసారాలు, వాని ముందు మిద్దెతోట, తోటక్రింద గుఱ్ఱపుసాలలు. వసారాలో నిలిచినవారికి తోట, లోయ, పర్వతము మూడును ఒకే పటముగా గోచరించును. దృశ్యము కొఱకే భవనమును దిద్దుట ఆనాటికి కొత్తమాట. వంశీయులు ఇందు 1962 వఱకు నివసించిరి. 1968లో వెలువడిన జెఫిరెల్లి 'రోమియో జూలియట్' చలనచిత్రమున జూలియట్ ఇల్లు ఈ భవనమే.

పోపు తానొక్కడు కట్టి ఊరకొనలేదు. కార్డినలులను కూడ కట్టుడని ప్రోత్సహించెను. ప్రోత్సాహమనుట మర్యాద; పోపు కోరిక కాదనగలవారెవరు? తరువాత ఆఱవ అలెగ్జాండరు పోపైన రోద్రీగో బోర్జా తూర్పువైపు భవనమును పొందెను. అమ్మన్నాతి, గొన్‌జాగా, ఫ్రాన్సుకు చెందిన జుఫ్రుఆ అను కార్డినలులు ముఖ్యవీధిలో కట్టిరి. చోటుకొఱకు పాతయిండ్లు కొని పడగొట్టబడినవి. నిలువనీడ కోల్పోయిన పేదల కొఱకు ఊరికి ఈశాన్యమున, ప్రాకారము సమీపమున పండ్రెండు ఇండ్ల వరుసయొకటి కట్టబడినది. ఆ ఇండ్లు నేటికిని ఉన్నవి. ఆదర్శ నగరమును గూర్చిన గ్రంథములలో చౌకమునకు ఇరువది పుటలు, ఈ వరుసకు ఒక్క వాక్యము దక్కుచున్నది. కాని ఒక నగర ప్రణాళికలో నిర్వాసితులకు ఇండ్లు కూడ భాగమని తలచిన సంగతియే పియెంచాలో నిజముగా కొత్తది కావచ్చును. పోపును మెచ్చుకొనదలచినవారు స్తంభముల కొలతలతోపాటు దీనినిగూడ లెక్కింపవలెను.

ఐనను 'నగరము' అను మాట అతిశయోక్తియే. ముఖ్యవీధి పాత కొర్సిన్యానో వీధియే. దాని వంపు సరిచేయబడలేదు. సందులు పాతవే. పదమూడవ శతాబ్దపు సెయింట్ ఫ్రాన్సిస్ దేవాలయము పోపు భవనము ప్రక్కననే చెక్కుచెదరక నిలిచియున్నది. మధ్యయుగపు పల్లె నడుమ ఒక చౌకమును పొదిగినారు. పని అంతటితో ఆగినది. 1464 ఆగస్టులో పయస్ తురుష్కులపై దండయాత్ర కొఱకు నౌకల రాకకై ఎదురుచూచుచు అంకోనా రేవులో మరణించెను. రొస్సెల్లీనోయు ఆ యేడే పోయెను. కార్డినలులు ఈ గుట్టవైపు మరల చూడలేదు. పియెంచా మఱల పల్లెటూరైనది.

ఇదియే ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచిన మాట. పియెంచా రూపమును కాపాడినది 1462 నాటి శాసనమని వ్రాయుట సులభము. శాసనము దేవాలయపు గోడలకు మాత్రమే వర్తించును. తక్కిన ఊరిని కాపాడినది బీదతనము. కొత్త కట్టడములకు ధనము లేదు, పాతవానిని పడగొట్టుటకు కారణము లేదు. ఉన్న గోడలను మరమ్మతు చేసికొనుచు, ఉన్న బావిలో నీరు తోడుకొనుచు ఐదువందల యేండ్లు ఆ ఊరివారు బ్రతికిరి. వారి పేరులు 'కొమెంతారీ'లో లేవు.

వారి చరిత్రకు ఆధారములు వేఱు. ఊరికి కొంచెము దిగువన, పొలముల నడుమ, పన్నెండవ శతాబ్దపు రూపముతో సెయింట్ వీటో దేవాలయము ఉన్నది. గుండ్రని పొట్టి గోపురము, పొందికలేని రాళ్లు. ద్వారముపై రెండు తోకలను రెండు చేతులతో పట్టుకొన్న జలకన్య శిల్పము. క్రైస్తవ దేవాలయపు గడపపై ఈమెకేమి పని యని పండితులు తర్కించిరి. చెక్కిన రైతుపల్లె శిల్పికి అట్టి సందేహము కలిగియుండదు. లోపల మొఱటు రాతితొట్టి యొకటి కలదు. ఏనియా సిల్వియో జ్ఞానస్నానము పొందినది ఈ తొట్టిలోనే.

మఱొక ఆధారము ఆహారము. పియెంచా పేరు నేడు ఇటలీలో సామాన్యునకు తెలిసినది చౌకము వలన కాదు, పెకొరీనో వలన. ఇది గొఱ్ఱెపాల చీజు. తెలుగువారి జున్ను కాదు. పాలను విఱిచి, ఉప్పుపట్టించి, గుండ్రని బిళ్లలుగా చేసి, కొన్నింటిని వాల్‌నట్ ఆకులలోను కొన్నింటిని బూడిదలోను మాగవేయుదురు. ఇది రోమను కాలమునాటినుండి చెక్కుచెదరని సంప్రదాయమని అంగళ్లవారు చెప్పుదురు. సంప్రదాయము పాతదే, చేతులు కొత్తవి. 1950ల తరువాత ఇటలీలో సగపాలు సాగు క్షీణించి, 1964 చట్టముతో కొత్త ఒడంబడికలు నిషేధింపబడగా, ఓర్చా లోయ రైతులు పొలములు విడిచి పట్టణములకు పోయిరి. పాడుపడిన ఆ భూములకు సార్డీనియా ద్వీపమునుండి గొల్లలు మందలతో వచ్చి స్థిరపడిరి. నేటి పెకొరీనోలో ఆ వలసవచ్చినవారి శ్రమ చాల కలదు. మొదట పరాయివారిగా చూడబడినవారే ఊరి సంప్రదాయమును నిలిపిరి.

సెప్టెంబరు మొదటి భాగమున చీజు సంత జరుగును. పోపు చౌకమున నేలపై ఒక కదురు నిలిపి, పేటలవారు పోటీపడి చీజుబిళ్లను దొర్లింతురు. కదురునకు మిక్కిలి దగ్గఱగా ఆగిన బిళ్లవారిది గెలుపు. ఆట చిన్నది, అరపులు పెద్దవి. రొస్సెల్లీనో కొలిచి పఱచిన ఇటుకలపై చీజుబిళ్ల వంకరగా దొర్లి బావివైపు పోవుచుండగా వృద్ధులు తిట్టుదురు, పిల్లలు నవ్వుదురు. చౌకమునకు ఆదినుండి కొఱవడిన యజమానులు ఆనాడు దొఱకుదురు.

ఊరి రక్షకసంతు ఆండ్రూ. తురుష్కుల భయమున గ్రీసునుండి తెచ్చిన ఆ సంతుని శిరస్సును 1462లో పయస్ రోమున స్వీకరించెను. 1964లో ఆఱవ పాల్ పోపు దానిని గ్రీసులోని పాత్రాస్ నగరమునకు మరల పంపెను. శిరస్సు నుంచిన వెండి ప్రతిమ ఖాళీగా పియెంచాకు వచ్చినది. బిషప్పు భవనమందలి వస్తుప్రదర్శనశాలలో, పోపు దానమిచ్చిన ఇంగ్లండు కుట్టుపని పై వస్త్రముతోపాటు, అది నేడున్నది.

1996లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ పియెంచాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. 2004లో ఓర్చా లోయను చేర్చినది. యాత్రికులు వెల్లువగా వచ్చుచున్నారు. ముఖ్యవీధి పొడవునను చీజు అంగళ్లు; ఇండ్లు అతిథిగృహములగుచున్నవి. ఐదువందల యేండ్లు బీదతనము కాపాడిన దానిని సంపద కాపాడునా అనునది నేటి ప్రశ్న. గోడలకు భయము లేదు. వాని వన్నెను గూర్చి చట్టములు చాల గలవు. భయము గోడల లోపలి కాపురములకే. వాస్తుచరిత్రకారులు పియెంచాను ఒక పోపు స్వప్నముగా మాత్రమే వర్ణించుచు పోవుట ఈ స్థితికి కొంత కారణము. ఊరిని పటముగా చూచుటకు అలవాటుపడినవారు ఖాళీయిండ్లను లోపముగా గుర్తింపరు.

తెలుగు దేశపు తామ్రశాసనములలో దానమైన గ్రామమునకు రాజు పేర ప్రతినామము పెట్టుట కలదు. పలుచోట్ల జనులు పాతపేరే వాడుకొనిరి. ప్రతినామము రాగిరేకులపై నిలిచినది. పియెంచాలో పోపు పేరే గెలిచినది. ఊరిలో అడిగినచో కొర్సిన్యానో అను పేరును సెయింట్ వీటో దేవాలయమునకు దారి చూపుటకు మాత్రమే వాడుదురు. 'కొర్సిన్యానో దేవాలయము' అని దానికి వాడుక. రాతితొట్టి యున్నది అందులోనే.